నాన్నకు వేసిన స్టెంట్ 14 నెలలకే మళ్ళీ ఎందుకు పూడుకుపోయింది?

పటమట_శ్రీను
మా నాన్నకు 64 ఏళ్ళు. పటమటలో కిరాణా కొట్టు. ఇరవై ఏళ్ళుగా షుగరు ఉంది. కిందటి ఏడాది కొట్టులోనే గుండెపోటు వచ్చింది. బియ్యం బస్తా మీద కూలబడి, ఎడమ చెయ్యి పట్టుకుని, చెమటకు చొక్కా తడిసి ముద్దయి, మాట రాక నా వైపే చూస్తూ ఉండిపోయారు. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గంటలో యాంజియోగ్రామ్ తీసి, గుండె ముందు వైపు రక్తనాళంలో మందు పూసిన స్టెంట్ ఒకటి వేశారు. నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం అది. ఎల్‌ఏడీ అంటారట ఆ నాళాన్ని. నాలుగో రోజుకు ఇంటికి వచ్చారు. ఆ డాక్టరు గారికి చేతులెత్తి దండం పెట్టాం.

పదిహేను రోజుల కిందట మేడ మెట్లెక్కుతూ నాన్న సగంలో ఆగిపోయారు. ఛాతీలో అదే బరువు, అదే చోట. మళ్ళీ యాంజియోగ్రామ్ తీస్తే స్టెంట్ లోపలే 80 శాతం మూసుకుపోయిందన్నారు. "రీస్టెనోసిస్, కొందరికి వస్తుంది" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఎందుకు వస్తుందని అడిగే ధైర్యం ఆ క్షణంలో మాకు లేకపోయింది. నకిలీ స్టెంట్ వేశారని మా బాబాయి అంటున్నాడు. నాన్న నోరు కట్టుకోలేదని మా అక్క అంటుంది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు.

అసలు ఈ వస్తువును ఎలా తయారుచేస్తారు? ఎక్కడ దెబ్బతింటుంది? వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి. ఏం అడగాలో తెలుసుకుని వెళ్దామని.

బెంజిసర్కిల్_రావు
అనుమానం ఎందుకు? నాసిరకం సరుకు వేసి ఖరీదైనదానికి బిల్లు రాసి ఉంటారు. 14 నెలలకే మూసుకుపోయేదాన్ని స్టెంట్ అంటారా? వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేయండి.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
రావు గారూ, తొందరపడకండి. నేను 11 ఏళ్ళుగా క్యాత్ ల్యాబులో, అంటే యాంజియోగ్రామ్ తీసి స్టెంట్లు వేసే గదిలో, టెక్నీషియన్‌ని. ప్రతి స్టెంట్ పెట్టెలోనూ అతికించే చీటీలు ఉంటాయి. కంపెనీ పేరు, కొలత, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వాటి మీద ఉంటాయి. ఒకటి కేసు షీటు మీద, ఇంకొకటి రోగికి ఇచ్చే కార్డు మీద అంటిస్తాం. శ్రీను గారూ, ఆ కార్డు మీ దగ్గర ఉందా?

పటమట_శ్రీను
ఉంది. కొట్టు గల్లాపెట్టెలో దాచారు నాన్న. 3.0 × 28 మి.మీ. అని ఉంది. కోబాల్ట్ క్రోమియం, సిరోలిమస్ అని ఉంది. బ్యాచ్ నంబరు, గడువు అన్నీ ఉన్నాయి.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
అయితే నకిలీ అన్న మాట పక్కన పెట్టవచ్చు. కంపెనీకి ఆ బ్యాచ్ నంబరు పంపితే ఎక్కడికి అమ్మారో చెబుతారు, మీ బాబాయి గారి మనశ్శాంతికి ఆ పని కూడా చేయండి. మూడు మిల్లీమీటర్ల వెడల్పు, 28 మిల్లీమీటర్ల పొడవు. పొడుగైనదే. పొడవు పెరిగేకొద్దీ మళ్ళీ పూడే అవకాశం పెరుగుతుంది. షుగరు ఉంటే ఇంకా పెరుగుతుంది.

లేత్_మాస్టారు
ఆటోనగర్‌లో 30 ఏళ్ళుగా లారీ కమాను పట్టీల పని, లేత్ పని చేస్తున్నాను. వైద్యం నాకు తెలియదు, లోహం తెలుసు. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు. అన్ని సార్లూ ఆ తీగ వంగి లేవాలి కదా? మా దగ్గరికి వచ్చే కమాను పట్టీలు లోడు ఎక్కువై ఒక్కసారిగా విరిగినవి తక్కువ. చిన్న గీత దగ్గర మొదలై, నెలల తరబడి పగులు పాకి విరిగినవే ఎక్కువ. విరిగిన చోట చూస్తే సగం నున్నగా, సగం గరుకుగా ఉంటుంది. స్టెంట్ కూడా అలాగే విరిగి ఉంటుందా అని నా అనుమానం.

మెటలర్జీ_టీచర్
మాస్టారు గారి అనుమానం చాలా మంచి అనుమానం. స్టెంట్ రూపకర్తలను రాత్రి నిద్రపోనివ్వనిది కూడా ఇదే. రోజుకు లక్ష అంటే పదేళ్ళకు సుమారు 40 కోట్ల దెబ్బలు. అందుకే కొత్త స్టెంట్‌ను మార్కెట్లోకి వదిలే ముందు, రబ్బరు గొట్టంలో పెట్టి, నీటి ఒత్తిడిని వేగంగా మారుస్తూ పదేళ్ళ గుండె చప్పుళ్ళను కొన్ని నెలల్లోనే కొట్టిస్తారు. ఒక్క తీగ కూడా తెగకూడదు.

మీరన్న గీత సంగతికీ వారు వెతికిన జవాబు ఉంది. స్టెంట్‌ను తీగతో అల్లరు. సన్నని లోహపు గొట్టాన్ని లేజర్‌తో జాలీలా కోస్తారు. కోసిన అంచుల్లో కరిగి గడ్డకట్టిన లోహపు ముక్కలు, గరుకు మిగిలిపోతాయి. దాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పారిస్తే ముందుకు పొడుచుకు వచ్చిన మొనలే ముందుగా కరిగిపోతాయి, ఉపరితలం అద్దంలా అవుతుంది. పగులు మొదలవడానికి గీత దొరకదు. గరుకు మీద రక్తం త్వరగా గడ్డకడుతుంది కనుక ఆ నునుపు అటు కూడా పనికివస్తుంది.

లేత్_మాస్టారు
మేము ఎమరీ కాగితంతో చేసేదే, కరెంటుతో చేస్తున్నారన్నమాట. ఇంకొక్కటి అడుగుతాను అమ్మా. నాళంలోకి పంపాక స్టెంట్ లోపలి చిన్న బెలూన్ ఊదితే అది తెరుచుకుని అలాగే ఎందుకు నిలబడుతుంది? మేము రేకును తొంభై డిగ్రీలు వంచాలంటే 92 దాకా వంచుతాం, వదిలేస్తే రెండు డిగ్రీలు వెనక్కి వస్తుంది కనుక. మరి స్టెంట్ వెనక్కి ముడుచుకోదా?

మెటలర్జీ_టీచర్
ముడుచుకుంటుంది, కొద్దిగా. బెలూన్ మీద నొక్కి బిగించినప్పుడు అది ఒక మిల్లీమీటరు లావు ఉంటుంది. మామూలు గాలి ఒత్తిడికి పది, పన్నెండు రెట్ల ఒత్తిడితో ఊదితే లోహం స్థితిస్థాపక హద్దు దాటి శాశ్వతంగా వంగుతుంది. బెలూన్ తీసేశాక మీ రేకులాగే కొంచెం వెనక్కి వస్తుంది, దానికి తోడు నాళం గోడ పైనుంచి నొక్కుతూ ఉంటుంది.

ఇక్కడే అసలు తగాదా. తీగ మందంగా ఉంటే గట్టిగా నిలబడుతుంది, ఎక్స్‌రేలో బాగా కనిపిస్తుంది. కానీ మందపు తీగ నాళం గోడకు పెద్ద గాయం చేస్తుంది, రక్త ప్రవాహంలో గట్టులా అడ్డం పడుతుంది. 2001లో జర్మనీ వైద్యులు ఒకే పనికి రెండు రకాల ఉక్కు స్టెంట్లు వేసి చూశారు. 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉన్నవి 15 శాతం మందిలో మళ్ళీ పూడితే, 140 మైక్రాన్లవి 26 శాతం మందిలో పూడాయి. ఆ స్టెంట్ల మీద మందు లేదు, తేడా అంతా మందంలోనే. అప్పటి నుంచి అందరూ సన్నగా చేయడానికి పరుగులు తీశారు. అప్పటిదాకా వాడిన 316ఎల్ అనే రకం ఉక్కుతో సన్నగా చేస్తే బలం చాలదు. అందుకే కోబాల్ట్ క్రోమియంకు మారారు. అది ఉక్కుకన్నా గట్టిది, బరువైనది. 80 మైక్రాన్లకు తగ్గించినా నిలబడుతుంది, ఎక్స్‌రేలో కనబడుతుంది. 80 మైక్రాన్లంటే మన తల వెంట్రుక మందం.

మంగళగిరి_మగ్గం
తీగతో అల్లరు అని రాశారు. మొదటివి అల్లినవే అని ఎక్కడో చదివాను, నిజమా? మా ఇంట్లో మూడు తరాలుగా గుంట మగ్గం. అందుకని ఆసక్తి.

మెటలర్జీ_టీచర్
నిజమే, నేను ఇప్పటి స్టెంట్ల గురించి చెప్పాను. 1986లో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ మొదటిసారి మనిషి గుండె నాళాల్లో పెట్టింది సన్నని ఉక్కు తీగలతో అల్లిన గొట్టమే. పడుగూ పేకా లేవు, అన్ని పోగులూ ఐమూలగా పోయే అల్లిక. మీకు దీని ఇబ్బంది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఉల్లిపాయల వల సంచిని అడ్డంగా లాగితే ఏమవుతుంది?

మంగళగిరి_మగ్గం
పొట్టిదవుతుంది! నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. అంటే లోపలికి పోయాక ఎక్కడ ఆగుతుందో కచ్చితంగా చెప్పలేరు.

మెటలర్జీ_టీచర్
అదే. పైగా ఆ రోజుల్లో రక్తం గడ్డకట్టడాన్ని ఆపే మందుల కలయిక ఇంకా కుదరలేదు. చాలా మందిలో గడ్డకట్టి మూసుకుపోయాయి. ఇంకొక దారిని హూలియో పాల్మాజ్ పట్టుకున్నారు. అర్జెంటీనా డాక్టరు, అమెరికాలో స్థిరపడ్డారు. ఆయన గరాజీలో తాపీ మేస్త్రీ వదిలి వెళ్ళిన ఇనుప జాలీ ముక్క కంటబడిందట. రేకుకు వరసగా గాట్లు పెట్టి లాగితే వజ్రాకారపు కన్నాలు తెరుచుకునే జాలీ. గోడకు, స్తంభానికి మధ్య సిమెంటు పగలకుండా మన మేస్త్రీలు కూడా జాలీ కొడతారు కదా. ఆ గాట్లను గొట్టం మీద పెడితే? నేటి స్టెంట్లలో చాలావాటికి అదే మూలం. 1994లో అమెరికా ప్రభుత్వం గుండె నాళాలకు దాన్ని అనుమతించింది.

లేత్_మాస్టారు
మేస్త్రీ వదిలేసిన జాలీ ముక్క! ఈ మాట మా షెడ్డులో పిల్లలందరికీ చదివి వినిపించాను.

అరండల్‌పేట_మూర్తి
మందు పూయని ఉక్కు స్టెంట్ నాకు 2004లో వేశారు. ఈనాటికీ బాగుంది. ఉదయం ఐదు కిలోమీటర్ల నడక, ఉప్పు తక్కువ, నూనె తక్కువ, సిగరెట్టు ఆ రోజే పారేశాను. శ్రీను గారి అక్కయ్య చెప్పిందే నిజం. నోరు కట్టుకోకపోతే ఏ స్టెంటూ నిలవదు.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
మూర్తి గారూ, మీ క్రమశిక్షణకు నమస్కారం. కానీ శ్రీను గారి నాన్నగారి మీద ఆ నింద వేయకండి, ఆయన అసలే మాట్లాడటం మానేశారు. 14 నెలల్లో స్టెంట్‌లో పూడింది సాధారణంగా కొవ్వు కాదు. అది మన ఒంటి కండే. బెలూన్ ఊదినప్పుడు నాళం లోపలి పొర చిట్లుతుంది. మోకాలు దోక్కుపోతే చర్మం ఎలా కప్పుకుంటుందో, నాళం కూడా అలాగే గాయాన్ని కప్పుకోవాలని చూస్తుంది. గోడలోని కండర కణాలు స్టెంట్ కన్నాల్లోంచి లోపలికి పెరుగుతాయి. పలచగా పెరిగితే మంచిదే, లోహం రక్తానికి తగలకుండా కప్పుతుంది. ఆగకుండా పెరిగితే నాళం మూసుకుపోతుంది. షుగరు ఉన్నవారిలో ఆ పెరుగుదల ఎక్కువ. మందు లేని స్టెంట్ల కాలంలో నూటికి ఇరవై, ముప్ఫై మంది ఇలా తిరిగి వచ్చేవారు. మీరు మిగతా డెబ్బై మందిలో ఉన్నారు, సంతోషం.

ఏళ్ళు గడిచాక స్టెంట్ లోపల కొత్తగా కొవ్వు పేరుకోవడం వేరే జబ్బు. ఆహారం, కొలెస్టరాల్ మాత్ర, సిగరెట్టు అక్కడ లెక్కకు వస్తాయి.

పటమట_శ్రీను
ఈ మాట నాన్నకు చదివి వినిపించాను. "నేను తిన్నది కాదన్నమాట" అన్నారు. నాలుగు రోజుల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి మాట.

కానీ మా నాన్నది మందు పూసినదే కదా. మరి మందు ఏం చేసింది?

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
ఆ కండర కణాల విభజనను ఆపుతుంది. తీగ మీద పలచని పాలిమర్ పూత, అందులో సిరోలిమస్. నెల నుంచి మూడు నెలల వరకు కొద్దికొద్దిగా గోడలోకి దిగుతుంది. 2003 నాటికి ఇవి వచ్చాక తిరిగి పూడేవారు నూటికి పదిమందిలోపుకు తగ్గారు. కానీ సున్నా కాలేదు. మీ నాన్నగారు ఆ కొద్దిమందిలో ఎందుకు పడ్డారన్నదే ఇప్పుడు తేలాలి.

మెటలర్జీ_టీచర్
ఆ సిరోలిమస్ పుట్టుక కూడా విచిత్రం. పసిఫిక్ మహాసముద్రంలో ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. కెనడాలోని ప్రయోగశాలలో దాన్ని వెలికితీసిన సురేన్ సెహగల్ విభజనకు ముందటి మన దేశంలో, ఇప్పటి పాకిస్తాన్‌లో పుట్టినవారు. కంపెనీ ఆ పని ఆపేస్తే ఆయన ఆ సూక్ష్మజీవిని ఇంటి ఫ్రిజ్‌లో దాచి కాపాడారు.

అయితే మందుకు తన ఖర్చు ఉంది. పెరుగుదలను ఆపే మందు, గాయం మానడాన్ని కూడా ఆపుతుంది. లోహం నెలల తరబడి నగ్నంగా రక్తంలో ఉంటుంది. మొదటి తరం పూతలకు కొందరి నాళం గోడ వాచేది కూడా. 2006లో బార్సిలోనా సదస్సులో, మందు స్టెంట్లలో ఏడాది దాటాక కూడా గడ్డలు కడుతున్నాయన్న లెక్కలు బయటికి రాగానే ప్రపంచమంతా కలకలం రేగింది. ఆ తరువాతే సన్నని తీగలు, ఒంటికి పడే పూతలు, కరిగిపోయే పూతలు వచ్చాయి.

నల్లపాడు_లక్ష్మి
గడ్డల మాట వచ్చింది కనుక రాస్తున్నాను. ఇది చదివి ఒక్కరైనా జాగ్రత్త పడాలి.

మా అమ్మకు స్టెంట్ వేసిన ఐదో నెలలో పన్ను పీకించాల్సి వచ్చింది. "రక్తం పలచన చేసే మాత్రలు వాడుతున్నారు, వారం ఆపి రండి" అన్నారు అక్కడ. గుండె డాక్టరును అడగాలని మాకు తోచలేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఆపేశాం. ఆరో రోజు తెల్లవారుజామున అమ్మ పక్క మీద లేచి కూర్చుని "మళ్ళీ అదే" అంది. స్టెంట్‌లో గడ్డకట్టింది. ప్రాణం దక్కింది కానీ గుండె పంపింగు 35 శాతానికి పడిపోయింది. ఇప్పుడు పూజగది దాకా నడిస్తే ఆయాసం. ఆ పన్ను ఇంకో ఏడు నెలలు ఆగినా పోయేది కాదు.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
లక్ష్మి గారూ, మీ పోస్టు నేను మా ల్యాబు వరండాలో చదివి వినిపించాలనుకుంటున్నాను, మీరు ఒప్పుకుంటే. మెల్లగా కండ పూడటం ఒక రకం, దానికి ఛాతీ బరువు రూపంలో హెచ్చరిక దొరుకుతుంది. గడ్డకట్టడం అలా కాదు, నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. రెండు మాత్రలు ఎన్ని నెలలు వాడాలో గుండె డాక్టరే చెప్పాలి, ఆపేదీ ఆయనే ఆపాలి. చాలా పన్ను పనులు మాత్రలు ఆపకుండానే చేయవచ్చు.

నల్లపాడు_లక్ష్మి
చదివి వినిపించండి. అందుకే రాశాను.

తెనాలి_సుజాత
స్టెంట్‌ను ఎన్ని నెలలకు తీయాలి? మా మామగారికి కిడ్నీ రాయి తీసి స్టెంట్ వేశారు. ఇది చదువుతుంటే భయమేస్తోంది.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
అమ్మా, అది వేరు. గుండెలో వేసింది తీయరు. మీ మామగారిది మూత్రనాళంలో వేసే మెత్తని ప్లాస్టిక్ గొట్టం, రెండు చివరలా ముడుచుకుని ఉంటుంది. దాన్ని తప్పకుండా తీయించాలి, వారాల్లోనో మూడు నెలల లోపో. మర్చిపోతే దాని మీదే రాళ్ళు కడతాయి. వేసి ఎన్నాళ్ళయింది?

తెనాలి_సుజాత
సంక్రాంతికి ముందు వేశారు. ఐదు నెలలు! రేపే తీసుకెళ్తున్నాం.

మిర్చియార్డు_బాషా
స్టెంట్ విరుగుతుందా అని మాస్టారు అడిగిన ప్రశ్నకు నా కాలే సాక్షి. గుంటూరు యార్డులో 25 ఏళ్ళుగా కాయల పని చూస్తున్నాను. తాలు కాయలు ఏరేటప్పుడు రోజంతా గొంతుక్కూర్చోవాలి. షుగరు వల్ల తొడలో రక్తనాళం మూసుకుపోతే పొడవాటి స్టెంట్ వేశారు. ఏడాదిన్నరకు పిక్క మళ్ళీ పట్టేయడం మొదలైంది. ఎక్స్‌రేలో చూపించారు, స్టెంట్ రెండు చోట్ల తెగి ఉంది. తెగిన చోటే నాళం మూసుకుంది.

మెటలర్జీ_టీచర్
బాషా గారూ, మీది నిటినాల్ అయి ఉంటుంది. నికెల్, టైటానియం కలిపిన లోహం. కాలి నాళాల్లో బెలూన్ స్టెంట్ పనికిరాదు, చర్మానికి దగ్గరగా ఉంటుంది కనుక ఏదైనా తగిలి నొక్కుకుపోతే అలాగే ఉండిపోతుంది. నిటినాల్ స్ప్రింగులా తిరిగి లేస్తుంది. కానీ తొడ నాళం గుండె నాళంలా లయగా కదలదు. నడిస్తే పొట్టిదవుతుంది, కూర్చుంటే మడతపడుతుంది, మెలి తిరుగుతుంది. మీలా గొంతుక్కూర్చుంటే మోకాలి పైభాగంలో మడత చాలా తీవ్రం. జాలీలో కిరీటాల్లాంటి వలయాలు ఉంటాయి, వాటిని కలిపే చిన్న వంతెనలు ఉంటాయి. వంతెనలు ఎక్కువైతే గొట్టం బిర్రుగా ఉండి వంపు దగ్గర తెగుతుంది. తక్కువైతే బాగా వంగుతుంది, కానీ నిలువునా నొక్కితే వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. 2011 ప్రాంతంలో రెండే వంతెనలున్న కొన్ని గుండె స్టెంట్లలో ఈ చిక్కే బయటపడింది.

లేత్_మాస్టారు
అంటే కమాను కట్టకు బిగించే యు బోల్టు లాంటిదే. బిగిస్తే దాని అంచు దగ్గరే పట్టీ విరుగుతుంది, వదులైతే పట్టీలు జరుగుతాయి. బాషా తమ్ముడూ, ఇకనుంచి బల్ల మీద కూర్చుని పని చేయించు.

మిర్చియార్డు_బాషా
బల్ల చేయించుకున్నాను అన్నా. పిల్లలు కూడా అదే మాట అన్నారు.

బెంజిసర్కిల్_రావు
ఇదంతా విన్నాక లోహం మీద అనుమానం తగ్గింది. కానీ ధర మీద నా కోపం తగ్గలేదు. మా అన్నయ్యకు 2015లో ఒక్క స్టెంట్‌కు లక్షా పాతిక వేలు తీసుకున్నారు. పొలం తాకట్టు పెట్టాం.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
ఆ కోపం న్యాయమైనదే. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల సంస్థ మందు లేని స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు స్టెంట్‌కు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. తరువాత ఆ ధరలు మారుతూ వచ్చాయి. అదే స్టెంట్ అంతకు ముందు రోజు లక్ష దాటి అమ్మేవారు. మీ అన్నయ్యలాంటి వారి పొలాలు ఆ తేడాలోనే పోయాయి. బిల్లులో స్టెంట్ ధర, కంపెనీ, బ్యాచ్ విడిగా చూపాలి. అడిగి తీసుకోండి.

అరండల్‌పేట_మూర్తి
కలాం గారు, డాక్టర్ సోమరాజు గారు హైదరాబాదులో కలిసి 1990ల్లో తక్కువ ఖర్చు స్టెంట్ చేశారు. అప్పుడే మన దేశంలో ఈ పని అందరికీ అందాలని తపించారు. ఆ సంగతి తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

కరిగిపోయే పూతలు వచ్చాయన్నారు, మొత్తంగా కరిగిపోయే స్టెంట్లు కూడా వచ్చాయట కదా, శ్రీను గారి నాన్నగారికి అది వేయించవచ్చు కదా?

మెటలర్జీ_టీచర్
ఊహ అందమైనది. గాయం మానేదాకా ఆసరా ఇచ్చి, మూడేళ్ళలో కరిగిపోవాలి. మొక్కజొన్న పిండి నుంచి కూడా చేసే పాలీలాక్టైడ్‌తో చేశారు. కానీ ప్లాస్టిక్‌కు లోహమంత బలం లేదు. బలం కోసం తీగను 150 మైక్రాన్లకు పైగా మందం చేయాల్సి వచ్చింది. పైన చెప్పిన తగాదా గుర్తుందా? మందపు తీగ, ఎక్కువ గడ్డలు. యాబ్‌సార్బ్ అనే స్టెంట్‌కు 2016 జూలైలో అమెరికాలో అనుమతి వచ్చింది, 2017లోనే కంపెనీ అమ్మకం ఆపేసింది. మనిషి ఒంట్లో ఏది నిలుస్తుందో కాగితం మీద తేలదు. నాకు ఇది ప్రతిసారీ కొత్తగా బాధ కలిగిస్తుంది.

పటమట_శ్రీను
అందరి మాటలూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. వచ్చే వారం ఏం అడగాలి?

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
అన్నింటికన్నా ముందు ఒకటి. స్టెంట్ పూర్తిగా తెరుచుకుందా? యాంజియోగ్రామ్ ఎక్స్‌రే నీడ మాత్రమే. నాళం లోపలికి సన్నని తీగ పంపి కాంతితో చూసే ఓసీటీ అనే పద్ధతి ఉంది, 20 మైక్రాన్ల తేడా కూడా కనిపిస్తుంది. అల్ట్రాసౌండుతో చూసేది ఇంకొకటి. గుండెపోటు రాత్రి హడావిడిలో ఇవి చేయడానికి వ్యవధి ఉండదు, ఎవరినీ తప్పుపట్టలేం. కానీ రెండోసారి ఎందుకు పూడిందో చూడకుండా ఇంకో స్టెంట్ లోపల దూర్చవద్దని మర్యాదగా అడగండి.

నేను చూసినంతలో, ఇలా తిరిగి వచ్చినవారిలో చాలామందికి కారణం స్టెంట్ సరిగ్గా విచ్చుకోకపోవడమే. గోడలో సున్నం (కాల్షియం) గట్టిగా పట్టి ఉంటే బెలూన్ ఎంత ఊదినా అక్కడ నడుము సన్నగానే ఉంటుంది.

మెటలర్జీ_టీచర్
ఆ నడుము ఎంత నష్టమో లెక్క వేసి చూడండి. మూడు మిల్లీమీటర్లు విచ్చుకోవలసినది ఒక చోట 2.2 దగ్గర ఆగితే, చూడటానికి చిన్న తేడా. కానీ దారి వైశాల్యం దాదాపు సగానికి పడిపోతుంది. వ్యాసం తగ్గేకొద్దీ ప్రవాహానికి అడ్డు నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక ఆ ముక్కలో మూడు రెట్లు దాటుతుంది. ఆపైన కండ కొద్దిగా పెరిగినా చాలు.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
ఇంకొకటి. నాన్నగారు గ్యాస్ మాత్ర ఏది వేసుకుంటున్నారు? రక్తం పలచన మాత్ర క్లోపిడోగ్రెలేనా?

పటమట_శ్రీను
క్లోపిడోగ్రెలే. గ్యాస్‌కు ఒమెప్రజోల్. మందుల షాపులో ఇచ్చారు.

క్యాత్‌ల్యాబ్_గుంటూరు
ఆ రెండూ కలిపి వాడుతున్నట్లు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. క్లోపిడోగ్రెల్ పని చేయాలంటే కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి. ఒమెప్రజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. పైగా మన దేశంలో చాలామందికి పుట్టుకతోనే ఆ ఎంజైము బలహీనం. పూడుకుపోవడానికి ఇది కారణం కాదు, కానీ గడ్డకు కారణం కావచ్చు. మీరే ఏదీ ఆపకండి, చెప్పండి చాలు.

పటమట_శ్రీను
(తొమ్మిది రోజుల తరువాత)
నిన్న సాయంత్రం నాన్నను ఇంటికి తీసుకొచ్చాం.

మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. డాక్టరు గారు కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. కోప్పడలేదు. "మంచి ప్రశ్నలు, ఓసీటీ చేసే చోటికి పంపుతాను" అని గుంటూరులో తన స్నేహితుడికి ఫోను చేశారు.

తెర మీద నేనూ చూశాను. చీకటి గుండ్రంలో తెల్లని చుక్కలు వలయంగా, అవే స్టెంట్ తీగలు. పైనుంచి కిందికి వస్తుంటే గుండ్రం పెద్దదిగానే ఉంది, మధ్యలో ఒక్క చోట హఠాత్తుగా కుంచించుకుపోయింది. చుక్కల వెనక సున్నం అర్ధచంద్రంలా. కొలిస్తే అక్కడ 2.1 మిల్లీమీటర్లు. ఒక్క తీగ కూడా తెగలేదు మాస్టారూ. ధ్వని తరంగాలతో సున్నం పగలగొట్టే బెలూన్ ముందు పెట్టారు, తరువాత గట్టి బెలూన్‌తో ఊదారు, చివర మందు పూసిన బెలూన్ పెట్టారు. కొత్త స్టెంట్ వేయలేదు. ఇప్పుడు అదే చోట 2.9.

గ్యాస్ మాత్ర మార్చారు. క్లోపిడోగ్రెల్ బదులు టికాగ్రెలార్ రాశారు, రోజుకు రెండుసార్లు.

లేత్_మాస్టారు
తీగ తెగలేదన్న మాట విని నాకు సంతోషం తమ్ముడూ. చేసినవాడి పనితనం బాగుంది.

అరండల్‌పేట_మూర్తి
మీ నాన్నగారికి నేను క్షమాపణ చెప్పానని చెప్పండి. నోరు కట్టుకోలేదన్న మాట నేను అనకూడదు.

పటమట_శ్రీను
చెప్పాను. నాన్న ఆ రెండు అంకెలూ మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎంత ఉండాలి, ఎంత ఉంది అని. నలభై ఏళ్ళు తూకం వేసిన మనిషి కదా. 2.1, 2.9 అని తేదీతో సహా ఒక చీటీ మీద రాయించుకుని, స్టెంట్ కార్డుతో కలిపి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు. రేపటి నుంచి పొద్దున రెండు గంటలు కొట్టు తెరుస్తానంటున్నారు. బస్తాలు నేనే దించుతాను.

తెనాలి_సుజాత
మా మామగారి గొట్టం తీయించాం. చివర బఠాణీ గింజంత రాయి కట్టి ఉంది. ఈ చర్చ చదవకపోతే మర్చిపోయేవాళ్ళం.